జీడిపిక్కలాటా, బ్యాడ్జీల చదువూ

పలాసలో బండి కదిలాక ఇచ్ఛాపురం వైపు మొదట తగిలే చిన్న స్టేషన్ సుమ్మాదేవి. ఎక్స్‌ప్రెస్‌లు దుమ్ము రేపుకుంటూ పోతాయే తప్ప ఆగవు. ప్యాసింజర్ దిగి చూస్తే పడమటి పక్క మహేంద్రగిరి కొండల వరస, తూర్పున సముద్రం వైపు సాగే జీడితోటలు, కొబ్బరితోటలు. మే నెలలో అమ్మను చూడ్డానికి వెళ్లాను. ఆ మధ్యాహ్నం మా అరుగు మీద ఒక చదువు, వీధిలో ఒక ఆట ఒకేసారి నడుస్తున్నాయి.

అరుగు మీద మా మేనకోడలు. బెంగుళూరు కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే పని చేస్తుంది. సైబర్ మోసాల మీద ఏడాదికోసారి ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చేయాలట. ఫోన్‌ని నీళ్ల చెంబుకి ఆనించింది. వీడియో నడుస్తోంది, సౌండు లేదు. చేతులేమో అమ్మ ముందున్న చేటలో ఎండిన జీడిపిక్కల్లోంచి పుచ్చులు ఏరుతున్నాయి. రెండు నిమిషాలకోసారి చిటికెన వేలితో ‘నెక్స్ట్’ నొక్కుతుంది, ఆకుపచ్చ గీత ఇంకాస్త ముందుకి జరుగుతుంది. చివర్లో ఐదు ప్రశ్నలు. తప్పయితే మళ్లీ అదే ప్రశ్న, అవే నాలుగు జవాబులు. ఒకటి కాకపోతే ఇంకోటి. తెర మీద రంగు కాగితాలు రాలాయి, డాలు బొమ్మతో ఒక బ్యాడ్జీ వచ్చింది.

“అయిపోనాది మావయ్యా, వంద శాతం!”

అమ్మ చేట దించింది. “సూడకుండానే సదివీసినావేటే?”

వీధిలో పిల్లలు మట్టిలో గీత గీసి జీడిపిక్కలు వరసగా నిలబెట్టారు. పది అడుగుల అవతల నిలబడి, చేతిలోని పెద్ద పిక్కతో గురి చూసి కొట్టాలి. పడినవన్నీ కొట్టినవాడివి. ఎనిమిదేళ్ల వాడొకడు నాలుగుసార్లు వరసగా ఓడిపోయాడు. ప్రతిసారీ వంగి, తన పిక్క ఎక్కడ పడిందో చూసుకుని, కాలు అరడుగు పక్కకి జరిపి మళ్లీ నిలబడుతున్నాడు. అన్నానికి వాళ్లమ్మ మూడు కేకలు వేసింది. వాడికి బ్యాడ్జీ ఎవరూ ఇవ్వడం లేదు, వంద శాతం అయిందని ఎవరూ చెప్పడం లేదు. అయినా ఇంటికి పోడు.

ఆన్‌లైన్ చదువులు తయారుచేసేవాళ్లు ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నది ఈ ‘ఇంటికి పోడు’ అన్న గుణాన్నే. ఆటలో ఉండే పట్టును తీసుకొచ్చి ఆట కాని పనికి అతికిస్తే మనిషి వదలకుండా ఆ పని చేస్తాడా అన్నది వాళ్ల ప్రశ్న. దానికి గేమిఫికేషన్ అన్న పేరు బ్రిటన్ ప్రోగ్రామర్ నిక్ పెల్లింగ్ పెట్టాడంటారు. 2011లో సెబాస్టియన్ డిటర్డింగ్, ఆయన సహచరులు దానికి పండితులు ఒప్పుకునే నిర్వచనం ఇచ్చారు: ఆట నిర్మాణంలోని భాగాలను ఆట కాని చోట వాడటం. తెలుగులో క్రీడీకరణ అంటే నోరు తిరగదు. ‘ఆటపూత’ అందాం. ఎందుకు పూత అంటున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఈ పూత అవసరం ఎందుకొచ్చిందంటే, తెర ముందు కూర్చున్నవాడు సులువుగా లేచిపోతాడు కాబట్టి. తరగతిలో మాస్టారు ఉంటారు, పక్కన స్నేహితుడు ఉంటాడు, మధ్యలో లేస్తే నలుగురూ చూస్తారు. ఫోన్‌లో అదేమీ లేదు. ఎంఐటీ, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల ఉచిత ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు తీసి జస్టిన్ రైక్, హోసే రుయిపెరెస్ వాలియెంటె 2019లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో సగానికి పైగా కోర్సు గుమ్మం కూడా తొక్కలేదు. 2017-18లో పాల్గొన్నవాళ్లలో చివరిదాకా వెళ్లినవారు 3.13 శాతం. ప్రపంచంలో పేరున్న ప్రొఫెసర్లు ఉచితంగా చెబితేనే గతి ఇది!

మన దగ్గర ఆన్‌లైన్ శిక్షణ పెద్ద ఎత్తున వచ్చింది కరోనా ఏడాదిలో. ఉపాధ్యాయుల శిక్షణ కార్యక్రమం నిష్ఠను మొదటిసారి ఆన్‌లైన్‌లో మొదలుపెట్టింది మన ఆంధ్రప్రదేశ్‌తోనే. 2020 జూలై 16న రాష్ట్రానికి చెందిన 1,200 మంది కీలక శిక్షకులతో అది ప్రారంభమైంది. అదే ఏడాది సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గం మిషన్ కర్మయోగికి ఆమోదం తెలిపింది. ఆ మిషన్ కింద వచ్చిన ఐగాట్ వేదికలో ప్రభుత్వోద్యోగులు కోర్సులు చేస్తే ‘కర్మ పాయింట్లు’ వస్తాయి, బ్యాడ్జీలు వస్తాయి. 2024 అక్టోబరు 19 నుంచి వారం పాటు జరిగిన జాతీయ అభ్యాస వారంలో ఒక్కొక్కరూ కనీసం 4 గంటలు నేర్చుకోవాలని లక్ష్యం పెట్టారు. పేరు పెట్టినవాళ్లకి చమత్కారం ఉందో లేదో కానీ, ఫలం మీద ఆశ పెట్టుకోకుండా కర్మ చేయమన్న దేశంలో కర్మకే పాయింట్లు రావడం నాకు భలే ముచ్చటేసింది.

పాయింట్లు పనిచేయవని చెప్పడం నా ఉద్దేశం కాదు. పనిచేస్తాయి. ఎంతవరకు, దేని మీద అన్నదే తేల్చుకోవాల్సింది.

మా మేనకోడలి ఆకుపచ్చ గీతనే తీసుకోండి. 2006లో జోసెఫ్ నూనెస్, జేవియర్ డ్రెజ్ అనే పరిశోధకులు ఒక కార్ వాష్ దగ్గర 300 కార్డులు పంచారు. సగం కార్డుల్లో ఎనిమిది ముద్రలు పడితే ఒక వాష్ ఉచితం. మిగతా సగంలో పది ముద్రలు పడాలి, కానీ రెండు ముందే వేసి ఇచ్చారు. ఎటు చూసినా కడిగించుకోవాల్సింది ఎనిమిది సార్లే. ఖాళీ కార్డు వాళ్లలో 19 శాతం మంది చివరిదాకా వచ్చారు. రెండు ముద్రల కార్డు వాళ్లలో 34 శాతం. ‘కొంత అయిపోయింది’ అన్న భావనే మనిషిని తోస్తుంది. గమ్యం దగ్గరపడేకొద్దీ ఎలుకలు వేగం పెంచుతాయని క్లార్క్ హల్ 1930లలోనే చూశాడు. తిరుపతి మెట్లెక్కేవాడికి ఈ సంగతి ఎలుకలు చెప్పక్కర్లేదు. చివరి వంద మెట్లకి ఎక్కడ్నించో కొత్త కాళ్లొస్తాయి.

అయితే ఆ గీత తోసేది గమ్యం వైపు. కోర్సులో గమ్యం ‘వంద శాతం’. నేర్చుకోవడం అన్నది ఆ దారిలో తగిలితే తగలొచ్చు, తగలకపోనూ వచ్చు. గీత లెక్కపెట్టేది పేజీ తిప్పడాన్ని. అందుకే మా పిల్ల చాలా శ్రద్ధగా పేజీలు తిప్పింది. ఆమె సోమరితనం అనుకుంటే పొరపాటు. ఏ పనికి మార్కులు వేశారో ఆ పనే చక్కగా చేసింది.

ఇక ఆ రంగు కాగితాలు, బ్యాడ్జీ. వీటి గురించి చెప్పాలంటే మెదడులోకి కాస్త తొంగిచూడాలి. వుల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతులకు పళ్లరసం చుక్కలు ఇస్తూ వాటి మెదడులో డోపమైన్ వదిలే కణాలను గమనించాడు. అనుకోకుండా రసం వచ్చినప్పుడు ఆ కణాలు చెలరేగాయి. రసానికి ముందు ఒక దీపం వెలిగించడం అలవాటు చేశాక, దీపం వెలిగినప్పుడే చెలరేగాయి. రసం నోట్లో పడ్డప్పుడు వాటిలో చలనమే లేదు. దీపం వెలిగీ రసం రాకపోతే అసలుకంటే దిగువకి పడిపోయాయి. 1997లో పీటర్ దయాన్, రీడ్ మాంటెగ్‌లతో కలిసి రాసిన వ్యాసంలో దీనికి అర్థం చెప్పారు. ఆ కణాలు కొలిచేది బహుమతిని కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాని.

కోర్సు చివర బ్యాడ్జీ వస్తుందని మొదటి నిమిషంలోనే తెలుసు. మొదటిసారి ముచ్చట, పదోసారి అలవాటు. వీధిలో పిల్లాడి సంగతి వేరు. పిక్క చేతిలోంచి వదిలాక అది నేలకి తగిలేదాకా ఏమవుతుందో వాడికి తెలీదు. అనుకున్నదానికీ అయినదానికీ తేడా ప్రతి విసురులోనూ ఉంది. పైగా ఆ తేడాయే వాడికి పాఠం. అరడుగు కుడికి జరగాలని చెప్పింది అదే.

బహుమతి ఆశ చూపడం వల్ల ఉన్న ఇష్టం కూడా పోవచ్చు. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం శిశు పాఠశాలలో ఒక ప్రయోగం చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ముందునుంచే ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న యోగ్యతాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. అచ్చం ఈనాటి బ్యాడ్జీయే! కొందరికి చెప్పకుండా వేశాక ఇచ్చారు. మిగతావాళ్లకి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఖాళీ సమయంలో ఎవరు ఎంతసేపు పెన్నులు పట్టారో చూశారు. ఏమీ ఇవ్వనివాళ్లు సుమారు 17 శాతం సమయం, అనుకోకుండా అందుకున్నవాళ్లు 18 శాతం. ముందే ఆశ చూపినవాళ్లు 9 శాతం కూడా లేదు. ‘దీనికి కూలి ఇస్తున్నారంటే ఇది పనే అయివుంటుంది’ అని పసి మనసు లెక్క కట్టుకుంది కాబోలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. లెపర్ ఎంచుకున్నది బొమ్మలంటే ముందే ఇష్టమున్న పిల్లల్ని. సైబర్ మోసాల పాఠం మీద మా పిల్లకి పోవడానికి ఇష్టమంటూ మొదట ఉండాలిగా! ఇష్టమే లేని పని మొదలుపెట్టించడానికి చిన్న తాయిలం పనికొస్తుంది. అందులో తప్పేం లేదు, మనం అన్నం తినిపించేటప్పుడు చందమామను పిలవలేదా? చిక్కు ఎక్కడంటే, చందమామను చూపించి ముద్ద పెట్టడం మరిచిపోయినప్పుడు.

ఆటతో చదువు చెప్పడం మనకు కొత్త అనుకునేవాళ్లు ఒకసారి వైకుంఠపాళిని తలచుకోవాలి. పరమపద సోపాన పటంలో నిచ్చెనలకు పుణ్యాల పేర్లు, పాములకు పాపాల పేర్లు. పై గళ్ల దాకా పాకిన తర్వాత మింగే పెద్దపాము ఉండనే ఉంటుంది. మన ఆటే పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ చేరి స్నేక్స్ అండ్ ల్యాడర్స్ అయింది. శివరాత్రి జాగారంలో అది ఆడుతూ పెరిగినవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు ఒక్క పాపం పేరూ గుర్తు లేదు. ఎందుకంటే గవ్వలు వేస్తే ఎంత పడితే అంత జరపడమే అందులో నా పని. అహంకారం వదిలితే పాము తప్పుతుందని లేదు, మూడు పడితే తప్పుతుంది. చెప్పదలచిన పాఠం గడి మీద రాసి ఉంది, ఆటేమో గవ్వల్లో ఉంది. రెండింటికీ ముడి లేదు. ఆటపూత కోర్సుల్లో ఎక్కువ వాటికి పట్టిన జబ్బు ఇదే.

ముడి ఉన్న చోటు చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు, పలాస-కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీల్లో గ్రేడింగ్ బల్ల దగ్గరికి వెళ్తే చాలు. డబ్ల్యూ 180 అంటే పౌను బరువుకి 180కి మించకుండా తూగే పెద్ద గుండు. 210, 240, 320 అలా అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది. చేయి తిరిగిన ఆడవాళ్లు కాటా ముట్టుకోరు. కన్ను పడీ పడగానే చేయి పప్పుని ఏ కుప్పలోకో నెట్టేస్తుంది. గుండు, బద్ద, ముక్క, మచ్చ పడింది, ముడుచుకుపోయింది అన్నీ ఆ చూపులోనే తేలిపోతాయి. కొత్తగా వచ్చిన పిల్లని పాతావిడ పక్కన కూర్చోబెడతారు. పిల్ల కుప్పలోకి ఆవిడ వేలు వస్తుంది, రెండు పప్పులు వెనక్కి తోస్తుంది. మాట ఉండదు. తప్పు చేసిన రెండు మూడు క్షణాల్లో తప్పని తెలుస్తుంది. చెయ్యాల్సిన పప్పు ఇంకా వేలల్లో ఉంటుంది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ కెల్‌మన్ 1990లలో పైలట్ల కోసం కంప్యూటర్ మీద చేసినది ఇలాంటిదే. విమానంలోని మీటర్ల బొమ్మలు వెంట వెంట చూపిస్తాడు. పైకి వెళ్తోందా, కిందికి దిగుతోందా, మీటరు పాడైందా వెంటనే చెప్పాలి. తప్పైతే అప్పుడే తెలుస్తుంది. వివరించే ఉపన్యాసం లేదు. కొద్ది గంటల సాధనతో కొత్తవాళ్లకి కూడా చూపు పదునెక్కింది. ఇందులో పాయింట్లు తీసేసినా ఆట మిగులుతుంది. మా మేనకోడలి కోర్సులో పాయింట్లు తీసేస్తే మిగిలేది సౌండు కట్టేసిన వీడియో.

ప్రశ్న అడగడమే నేర్పడం అన్న సంగతికి గట్టి ఆధారం ఉంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె కొందరు విద్యార్థులకు రెండు పాఠాలు ఇచ్చి, ఒకదాన్ని మళ్లీ చదివించారు. రెండోదాంట్లో గుర్తున్నది చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివిన పాఠానిదే పైచేయి, 81కి 75. వారం ఆగి పెడితే తలకిందులైంది. మళ్లీ చదివినదాంట్లో 42 శాతం గుర్తుంది, రాసినదాంట్లో 56 శాతం. కోర్సు అయిన మరు నిమిషంలో పెట్టే ఐదు ప్రశ్నల పరీక్ష మనల్ని ఎంత మోసం చేస్తుందో ఇందులోనే ఉంది.

ఆట, ప్రశ్న అన్న ఈ రెండు ముక్కల్నీ కలిపి నిజమైన శిక్షణలో వాడి చూసినవాడు బోస్టన్ వైద్యుడు ప్రైస్ కెర్ఫుట్. ఉద్దానంలో పుట్టినవాడిని కాబట్టి ఆయన ప్రయోగం నన్ను పట్టుకుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఉద్దానం అనే ఈ ఏడు మండలాల్లో కిడ్నీ జబ్బు మాట రాని వీధి లేదు. మా ఉద్దానం జబ్బుకి బీపీయే కారణమని అనడం లేదు. కానీ కిడ్నీ నలిగినవాడికి బీపీ అదుపు ఎంత ముఖ్యమో ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. కెర్ఫుట్ బృందం 111 మంది వైద్య సిబ్బందిని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకి బీపీ వైద్యం మీద 32 ప్రశ్నలను ఏడాది పొడుగునా ఈమెయిల్‌లో ఆటగా పంపింది. తప్పు చెప్పిన ప్రశ్న త్వరగా తిరిగొస్తుంది, సరిగ్గా చెప్పింది ఆలస్యంగా వస్తుంది. తోటివాళ్లు ఎక్కడున్నారో కనిపిస్తుంది. రెండో జట్టుకి అవే విషయాలు మామూలు పాఠాలుగా అందాయి. లెక్క చూసింది డాక్టర్ల మార్కుల్లో మాత్రమే కాదు. వాళ్ల రోగుల బీపీ ఎన్నాళ్లకి దిగిందో చూశారు. ఆట జట్టు రోగులకి 142 రోజులు, మామూలు జట్టు రోగులకి 148. 2014లో వచ్చిన ఈ ఫలితం చూసి ‘ఆరు రోజులేనా’ అనొచ్చు. నాకు మాత్రం ఆ ఆరు రోజులు వెయ్యి బ్యాడ్జీలకంటే ఎక్కువ. నొక్కింది డాక్టరు, దిగింది వేరొకరి బీపీ.

మిగతా ప్రపంచం మొత్తం మీద లెక్క ఎలా ఉందంటే, మైకేల్ సైలర్, లీసా హోమ్నర్ 2020లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూశారు. నేర్చుకోవడం మీద, ఉత్సాహం మీద, ప్రవర్తన మీద మూడింటిపైనా ఆటపూత మేలే చేస్తోంది. కానీ ఆ మేలు చిన్నది. 2015లో మైకేల్ హానస్, జెస్సీ ఫాక్స్ ఒక తరగతికి బ్యాడ్జీలు, ర్యాంకుల పట్టిక పెట్టి పదహారు వారాలు నడిపితే, అవి లేని తరగతి కంటే ఉత్సాహమూ తగ్గింది, చివరి పరీక్షలో మార్కులూ తగ్గాయి. ర్యాంకుల పట్టికతో వచ్చే తంటా మనకి ఒకరు చెప్పాలా? కార్పొరేట్ కాలేజీల ప్రకటనల్లో వరసగా ఫొటోలు చూసి పెరిగిన రాష్ట్రం మనది. పైన ఉన్న పదిమందికి అది ఇంధనం, కింద ఉన్న తొంభైమందికి రోజూ పొద్దున్నే తగిలే మొట్టికాయ. వీధిలో పిల్లలు దీనికి ఎప్పుడో మందు కనిపెట్టారు. చిన్నవాణ్ణి గీతకి రెండడుగులు దగ్గరగా నిలబడనిస్తారు. పిక్కలన్నీ పోగొట్టుకున్నవాడికి ఎవరో ఒకరు రెండు అప్పిస్తారు, లేకపోతే ఆట ఆగిపోతుంది కదా.

భాషలు నేర్పే యాప్ డుయోలింగో గురించి అడగకుండా ఉండరు. తెలుగులోంచి ఇంగ్లీషు నేర్చుకునే కోర్సు కూడా అందులో ఉంది. రోజూ ఒక పాఠం చేస్తే ‘స్ట్రీక్’ పెరుగుతుంది, ఒక్క రోజు తప్పితే సున్నా. అలవాటు పడటానికి ఇది దివ్యమైన ఉపాయం. కానీ మూడొందల రోజుల స్ట్రీక్ ఉన్నవాళ్లు రాత్రి పదకొండు యాభైకి దుప్పట్లోంచి చేయి తీసి, అన్నిట్లోకీ తేలికైన పాఠం ఒకటి కానిచ్చి పడుకోవడం నేను చూశాను. నేనూ చేశాను, దాచడం దేనికి. అప్పటికి కాపాడుకుంటున్నది భాషను కాదు, అంకెను.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. తిత్లీ తుపాను వచ్చిన 2018 అక్టోబరు నుంచి మా ఇంట్లో కరెంటు పోతే చాలు, అందరూ అరుగు మీదకి చేరిపోతారు. అదే అలవాటు. మా మేనకోడలికి ఏం తోచిందో, నా ఫోన్ తీసుకుని వచ్చిన మెసేజ్‌లు ఒక్కొక్కటీ అమ్మకి చదవడం మొదలుపెట్టింది. నిజందో దొంగదో అమ్మ చెప్పాలి. సరిగ్గా చెబితే చేటలోంచి ఒక జీడిపిక్క అమ్మ వైపు.

“బిల్లు కట్టలేదు కాబట్టి ఈ రాత్రి కరెంటు తీసేస్తాం, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి.”

“మొన్ననే కట్టీసినాం గదా. దొంగే.”

ఒక పిక్క. లాటరీ తగిలింది, దొంగ. ఏటీఎం కార్డు ఆగిపోయింది, దొంగ. మధ్యాహ్నం కోర్సులో మా పిల్ల సౌండు కట్టేసి దాటించిన పాఠమంతా అమ్మ నోట్లోంచి వస్తోంది. నాలుగైదు పిక్కలు చేరాక అమ్మకి కిటుకు తెలిసిపోయింది. నా ఫోన్‌లో దొంగ మెసేజ్‌లే ఎక్కువ. ఇక మెసేజ్ పూర్తిగా వినకుండానే ‘దొంగ’ అనేస్తోంది. తప్పయినా పోయేదేం లేదు, పిక్కల కుప్ప మాత్రం పెరుగుతోంది. ఏ మార్కు పెట్టినా దాన్ని తేలిగ్గా సంపాదించే అడ్డదారి మనిషికి దొరికిపోతుంది, డెబ్భై ఆరేళ్ల మా అమ్మకైనా, బెంగుళూరు కంపెనీ ఉద్యోగికైనా.

మేనకోడలు నవ్వి నియమం మార్చింది. “నిజం దాన్ని దొంగంటే నువ్వే రెండు పిక్కలు ఇచ్చీయాలమ్మమ్మా.”

తర్వాతది గ్యాస్ కంపెనీ మెసేజ్. సిలిండర్ రేపు వస్తుందని, తెచ్చినవాడికి ఈ నంబరు చెప్పమని. అమ్మ నోరు తెరిచి ఆగింది. పిడికిట్లో పిక్కలు ఒకసారి కదిపి చూసుకుంది.

“మళ్లీ సదువు,” అంది. “నెమ్మదిగా సదువు. సిలిండర్‌కి మనం ఎప్పుడు సెప్పినాం?”